బెంగళూరు నుంచి థార్ ఎడారికి: ఒక రోజు పక్షి వీక్షణ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

దసరాకు జమ్మి ఆకులు పంచుకోవడం ముగిసిందంటే చాలు, బెంగళూరులో మాతో కలిసి పక్షులు చూసే తెలుగువారి నుంచి జైసల్మేర్ గురించి ఏటా అవే సందేహాలు మొదలవుతాయి. ఆరు శీతాకాలాలుగా నేను అటు వెళ్లి వస్తున్నాను. ఇంతవరకు ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, కాబట్టి మీకు కావలసినది మాత్రమే చదువుకోవచ్చు.

## వెళ్లాలా వద్దా అనుకుంటున్నప్పుడు

ఎడారిలో ఇసుక తప్ప ఏముంటుంది? పక్షుల కోసం అంత దూరం ఎందుకు?

థార్‌లో ఇసుక దిబ్బలు కొంత భాగమే. మిగిలినదంతా గడ్డి నేల, రాతి నేల, పొదలు, అక్కడక్కడ జమ్మి చెట్లు. సేవణ్ అనే ఒక గడ్డి ఉంది. దాని వేళ్లు ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. ఆవులకు అదే మేత, పిట్టలకు అదే గింజ, నక్కకూ, చింకారా అనే చిన్న జింకకూ అదే దాపు. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో పరుచుకున్న ఎడారి జాతీయ ఉద్యానం విస్తీర్ణం 3,162 చదరపు కిలోమీటర్లు. మన బెంగళూరు నగర జిల్లా కంటే పెద్దది. దిబ్బల మీద ఒంటె ఎక్కి, సూర్యాస్తమయం చూసి వచ్చేసేవారికి ఈ గడ్డి కనిపించనే కనిపించదు. మనం వెళ్లేది ఆ గడ్డి కోసం.

బట్టమేక పక్షి తప్పకుండా కనిపిస్తుందా?

తప్పకుండా అని ఎవరు చెప్పినా నమ్మకండి. దేశం మొత్తం మీద స్వేచ్ఛగా తిరుగుతున్నవి 150లోపే అని అంచనా. వాటిలో అత్యధికం జైసల్మేర్ జిల్లాలోనే ఉన్నాయి. ఆరుసార్లు వెళ్తే నాకు నాలుగుసార్లు కనిపించింది. మిగిలిన రెండుసార్లు దూరాన చుక్కలా కూడా కనిపించలేదు.

కనిపించినప్పుడు మాత్రం పొరపాటు పడే అవకాశం లేదు. మీటరు ఎత్తున నిలబడే పక్షి అది. మగది 15 కిలోల వరకు తూగుతుంది. తెల్లని మెడ, తల మీద నల్లని టోపీ, రొమ్ముకు అడ్డంగా నల్లని పట్టీ ఉంటాయి. ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు నడుస్తుంది. అంత బరువైన పక్షి రెక్కలు విప్పి లేస్తుంటే చూడడం ఒక అనుభవం. అయితే అది మన వల్ల లేచిందంటే మనం తప్పు చేసినట్టే. నడుస్తూ, మేస్తూ ఉన్నప్పుడు చూసిరావడమే సరైన చూపు. స్థానికులు దీన్ని గోడావణ్ అంటారు. రాజస్థాన్ రాష్ట్ర పక్షి ఇదే.

అది మన పక్షే కదా, రోళ్లపాడులో చూడలేమా?

ఈ ప్రశ్న వినగానే మనసు కలుక్కుమంటుంది. మా తాతగారి ఊరు రోళ్లపాడు ఉన్న నందికొట్కూరు వైపే. జొన్నచేలలో అంత పెద్ద పక్షి నడిచి వెళ్లడం ఆయన చిన్నతనంలో వింతేమీ కాదట. ‘బట్టమేక’ అన్న మాట నేను మొదట విన్నది పుస్తకంలో కాదు, ఆయన నోటనే. ఈ పక్షి కోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన. అయితే బట్టమేక కంచె లోపలే ఉండే పక్షి కాదు. చుట్టూ ఉన్న మెట్ట పొలాలు, బీళ్లు కూడా దానికి ఇల్లే. ఆ పొలాల తీరు మారిపోయింది. బీళ్లు తగ్గాయి. పక్షి తగ్గిపోయింది. ఇప్పుడు అక్కడికి వెళ్లి దాన్ని చూస్తామని ఆశపడే పరిస్థితి లేదు.

రోళ్లపాడుకు వెళ్లవద్దని మాత్రం నేను అనను. కృష్ణజింకలు ఉన్నాయి, తోడేళ్లు ఉన్నాయి, చలికాలంలో పిల్లి గద్దలు సాయంత్రం గడ్డిలోకి దిగడం చూడదగ్గ దృశ్యం. కర్ణాటకలో బళ్లారి జిల్లా సిరుగుప్ప వైపు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని బట్టమేకలు మిగిలాయి. దయచేసి వాటి ఆచూకీ వెతుక్కుంటూ ఎవరూ వెళ్లకండి. అంత తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు ఒక్క కారు అలజడి కూడా ఎక్కువే.

ఏ నెలలో వెళ్లడం మంచిది?

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. మధ్య ఆసియా నుంచి వచ్చే వలస పక్షులు అప్పుడే నిండుగా ఉంటాయి. సంక్రాంతి సెలవుల్లోనూ, ఫిబ్రవరిలో జైసల్మేర్ ఎడారి ఉత్సవం జరిగే రోజుల్లోనూ గదులు, జీపులు దొరకడం కష్టం. నాకు ఇష్టమైన సమయం డిసెంబరు మొదటి రెండు వారాలు. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. పైగా ఎండాకాలం నుంచి వానాకాలం దాకా బట్టమేక గుడ్డు పెట్టే కాలం, కాబట్టి మనం దూరంగా ఉండడమే మేలు.

ఒక్క రోజు సరిపోతుందా? బెంగళూరు నుంచి ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?

పక్షులు చూడడానికి తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఒక పూర్తి రోజు చాలు. దాని కోసం వెళ్లిరావడానికి మరో రెండు రోజులు పడతాయి. చలికాలంలో జైసల్మేర్ విమానాశ్రయానికి విమానాలు ఉంటాయి, కానీ వాటి రోజులూ వేళలూ ఏటా మారుతుంటాయి. అందుకే చాలామంది జోధ్‌పూర్‌లో దిగి, అక్కడి నుంచి దాదాపు 280 కిలోమీటర్లు రోడ్డు మీద లేదా రాత్రి రైలులో వెళతారు. బెంగళూరు నుంచి జోధ్‌పూర్‌కు నేరుగా రైలు కూడా ఉంది. తీరిక ఉన్నవారికి అది మంచి ప్రయాణం. దక్కను పీఠభూమి నుంచి ఎడారి దాకా నేల రంగు మారడం కిటికీలో నుంచి చూడవచ్చు. శుక్రవారం బయలుదేరి, శనివారం పూర్తిగా పక్షులకు ఇచ్చి, ఆదివారం తిరిగి రావడం మాకు అలవాటైన పద్ధతి.

ఇంతవరకు పక్షులు చూసే అలవాటే లేదు. నేరుగా ఎడారికి రావచ్చా?

రావచ్చు. కానీ ముందు రెండు మూడు ఆదివారాలు బెంగళూరు శివార్లలోని హెసరఘట్ట గడ్డి మైదానంలో గడిపి రండి. మరీ కొత్త అయితే లాల్‌బాగ్‌లో మొదలుపెట్టండి. అయితే అక్కడ చెట్ల మీద పక్షులను చూసే అలవాటు అవుతుంది, నేల మీద పక్షులను వెతికే కన్ను రాదు. హెసరఘట్టలో భరతపక్షి గడ్డిలో దిగిన చోటు గుర్తుపెట్టుకుని మళ్లీ వెతికి పట్టుకోగలిగారంటే ఎడారికి మీరు సిద్ధమే. బైనాక్యులర్‌ను కంటి నుంచి దించకుండా పక్షి వెంట తిప్పడం కూడా అక్కడే అలవాటు చేసుకోండి.

## ఏర్పాట్లు, సామాన్లు

అనుమతులు ఏమైనా కావాలా? గైడు తప్పనిసరా?

ఎడారి జాతీయ ఉద్యానంలోకి వెళ్లడానికి అటవీ శాఖ ప్రవేశ అనుమతి, రుసుము ఉంటాయి. మీరు బస చేసేచోట ముందురోజే చెబితే ఆ ఏర్పాటు చేస్తారు. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి. జైసల్మేర్‌కు పడమరగా సరిహద్దు ప్రాంతంలో కొన్ని చోట్లకు వేరుగా అనుమతి కావాలి. సైనిక వాహనాలు, స్థావరాల ఫొటోలు తీయవద్దు. డ్రోన్ తీసుకురావద్దు.

గైడు విషయంలో నా మాట ఒక్కటే: పక్షులు తెలిసిన స్థానిక గైడు లేకుండా వెళ్లకండి. ఎడారిలో దారి అంటే చక్రాల గుర్తు తప్ప మరేమీ కాదు. పైగా అక్కడ ఒరణ్‌లు ఉంటాయి. అంటే దేవుడి పేరున విడిచిపెట్టిన భూములు. అక్కడ కొమ్మ కూడా నరకరు. తరతరాలుగా అలా కాపాడడం వల్లే అక్కడ పక్షులు మిగిలాయి. ఎక్కడ బండి ఆపవచ్చో, ఎక్కడ ఆపకూడదో, ఎవరిని అడిగి లోపలికి వెళ్లాలో ఊరి మనిషికే తెలుస్తుంది. గైడుకు ఇచ్చే డబ్బు దగ్గర బేరాలు ఆడకండి. పక్షి వల్ల తన ఇల్లు గడుస్తుందని తెలిసిన మనిషి ఆ పక్షికి మొదటి కాపలాదారు.

ఏ బైనాక్యులర్ కొనాలి? మంచి కెమెరా ఉంటే చాలదా?

8×42 లేదా 10×42 ఏదైనా సరే. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందు కటకం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఎడారిలో దూరాలు ఎక్కువ కాబట్టి 10 రెట్లు పెద్దదిగా చూపేది కొంచెం ఉపయోగం. చేయి వణికేవారికి 8 మేలు. బృందంలో ఒకరి దగ్గర స్టాండుతో టెలిస్కోప్ ఉంటే అందరూ బట్టమేకను కిలోమీటరు దూరం నుంచే తృప్తిగా చూడవచ్చు. కెమెరా ఉంటే 400 మిల్లీమీటర్ల లెన్సు అయినా కావాలి, అయినా అది బైనాక్యులర్‌కు బదులు కాదు. కెమెరా ఒక్కటే తెచ్చినవారు రోజంతా ఒక పక్షి వెంట పడి, మిగతా ఇరవై పక్షులను చూడకుండా పోవడం నేను చాలాసార్లు గమనించాను. సన్నని ఇసుక లెన్సులోకి దూరుతుంది, కాబట్టి అక్కడ లెన్సు మార్చకండి. వాడనప్పుడు మెత్తని తువ్వాలులో చుట్టి ఉంచండి.

బెంగళూరు చలికి అలవాటుపడ్డవాళ్లం, ఒక స్వెట్టర్ చాలదా?

చాలదు. జనవరిలో జైసల్మేర్ తెల్లవారుజాము ఉష్ణోగ్రత 7, 8 డిగ్రీలకు దిగుతుంది. పైకప్పు లేని జీపులో గాలి ముఖానికి కొడుతుంటే ఇంకా తక్కువ అనిపిస్తుంది. మధ్యాహ్నానికి అదే చోట 23, 24 డిగ్రీలు. అందుకే ఒక మందపాటి కోటు కంటే ఒకదాని మీద ఒకటి వేసుకునే మూడు పలచని దుస్తులు మేలు. చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు మరవకండి. దుస్తులు మట్టి, గడ్డి రంగుల్లో ఉండాలి. తెలుపు, ఎరుపు వద్దు.

ఆడవాళ్లకు మరుగుదొడ్డి దొరుకుతుందా?

గడ్డి మైదానంలో ఉండదు. బస నుంచి బయలుదేరే ముందు ఒకసారి, మధ్యలో సమ్ గ్రామం దగ్గర ఒకసారి అని ముందే గైడుకు చెప్పి పెట్టండి. అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం మానేసి, మధ్యాహ్నానికి తలనొప్పితో కూలబడినవారు మా బృందంలో ఉన్నారు. అప్పటి నుంచి రోజు ప్రణాళికలో ఆ విరామాన్ని కూడా రాసి అందరికీ ఇస్తున్నాం.

నాన్నగారికి డెబ్బై ఏళ్లు, బాబుకు ఏడేళ్లు. తీసుకురావచ్చా?

ఇద్దరినీ తీసుకురండి. రోజంతా చాలావరకు జీపులోనే గడుస్తుంది, నడక తక్కువ. నాన్నగారికి నడుము నొప్పి ఉంటే ముందు సీటు ఇవ్వండి, ఎందుకంటే దారిలో కుదుపులు ఎక్కువ. పిల్లలకు పక్షుల కంటే ముందు సాండా బల్లిని చూపించండి. ముళ్ల తోకతో, ఎండలో కన్నం ముందు కూర్చుని గడ్డి తినే బల్లి అది. ఎడారి నక్క కనిపిస్తే ఇక బాబు మిమ్మల్ని వెనక్కి రానివ్వడు.

## తెల్లవారుజాము నుంచి పది గంటల వరకు

ఎన్ని గంటలకు బయలుదేరాలి? నాలుగున్నరకే లేవాలా?

అక్కరలేదు. మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. జైసల్మేర్ దేశానికి పడమటి కొసన ఉంది. జనవరిలో బెంగళూరులో 6.45 ప్రాంతంలో సూర్యోదయమైతే, అక్కడ 7.30 అవుతుంది. నగరం నుంచి సమ్ దాదాపు 40 కిలోమీటర్లు. ఆరింటికి బయలుదేరితే వెలుగు వచ్చేసరికి జాతీయ ఉద్యానంలోని సుదాసరి కంచె దగ్గర ఉంటారు. ఇంకా ముందు వెళితే చీకటిలో చలికి వణకడం తప్ప లాభం లేదు. హెడ్‌లైట్ల వెలుగుకు చింకారాలు కూడా బెదురుతాయి.

అన్నీ మట్టి రంగులోనే ఉన్నాయి. ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

రంగును వదిలి నడకను చూడండి. ఎడారి పక్షుల పాఠం అంతా ఇదే, దీనికి కొంచెం సమయం ఇస్తే రోజంతా సుఖంగా గడుస్తుంది.

నాలుగు అడుగులు గబగబా పరుగెత్తి, టక్కున ఆగి, నిటారుగా నిలబడి, మళ్లీ పరుగెత్తితే అది క్రీమ్ రంగు కోర్సర్. ఇసుకలో నుంచి పుట్టినట్టే ఉంటుంది. కంటి వెనక ఉన్న నలుపు తెలుపు గీతలు మాత్రం పట్టిస్తాయి. మన కడప జిల్లా లంకమల అడవుల్లో 1986లో మళ్లీ కనుగొన్న కలివికోడికి ఇది దగ్గరి బంధువు. కలివికోడి రాత్రి తిరుగుతుంది, ఇది పగలు తిరుగుతుంది. కలివికోడిని చూసే అదృష్టం మనలో ఎవరికీ లేకపోయింది. అందుకే ఈ పక్షి ముందు నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పొడవైన వంపు ముక్కుతో ఇసుకను తవ్వుతూ నడిచేది హూపూ లార్క్. నేల మీద ఉన్నప్పుడు మట్టిబెడ్డలా ఉంటుంది. ఎగిరిన మరుక్షణం రెక్కల్లో నలుపు తెలుపు చారలు మెరుస్తాయి. పొట్ట నల్లగా, పిచ్చుక కంటే చిన్నగా, గుంపులుగా నేలకు అతుక్కుని కూర్చునేవి పిచ్చుక లార్కులు. హెసరఘట్టలో మనం చూసే మగ పక్షికి నడినెత్తి బూడిద రంగు. థార్‌లో ఎక్కువగా కనిపించే రకానికి నడినెత్తి నలుపు, నుదురు తెలుపు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు.

పొద కొసన కూర్చుని తోక ఆడిస్తూ, నేల మీదికి దూకి, మళ్లీ కొసకు వచ్చేవి వీట్‌ఇయర్లు. ఎడారి వీట్‌ఇయర్ తోక దాదాపు మొత్తం నల్లగా ఉంటుంది. మిగతా రకాల తోకల్లో తెలుపు ఎక్కువ. ఇవి కాక సుదాసరికి పేరు తెచ్చిన చిన్న పిట్ట స్టోలిచ్కా బుష్‌చాట్. తెల్లని కనుబొమ, సాదా గోధుమ రంగు. చూడగానే ఏముంది ఇందులో అనిపిస్తుంది. కాసేపు ఓపిక పట్టండి. ఉన్నట్టుండి ఒళ్లంతా పత్తి ఉండలా ఉబ్బించి అటూ ఇటూ ఊగుతుంది. ప్రపంచంలో అంతరించే ముప్పు ఉన్న పక్షుల్లో ఇదీ ఒకటి.

నీళ్ల దగ్గర కాచుకుంటే ఎక్కువ పక్షులు వస్తాయా?

వస్తాయి, ముఖ్యంగా స్యాండ్‌గ్రౌస్‌లు. పావురానికీ కౌజుకూ మధ్య రకంలా ఉండే ఈ పక్షిని అక్కడ భట్‌తీతర్ అంటారు. గోధుమ పొట్ట రకం సూర్యోదయం తరవాత రెండు మూడు గంటలకు, అంటే తొమ్మిదిన్నర, పది మధ్య గుంపులుగా నీటికి దిగుతుంది. ముందు కూతలు వినిపిస్తాయి, ఆ తరవాత ఆకాశంలో ఒకటి రెండు చుట్లు, అంతా క్షేమమే అనిపిస్తేనే దిగుతాయి. పది పదిహేను సెకన్లు తాగి లేచిపోతాయి. ఎండాకాలం గూళ్ల సమయంలో మగపక్షి తన పొట్ట ఈకలను నీటిలో తడిపి, కిలోమీటర్ల దూరం మోసుకెళ్లి పిల్లలకు తాగిస్తుంది. ఆ ఈకల అల్లిక స్పంజిలా నీటిని పట్టి ఉంచుతుంది.

ఇక్కడ ఒక నియమం పాటించండి. నీటికి కనీసం యాభై అడుగుల దూరంలో, గాలి ఎటు వీస్తున్నా సరే, కదలకుండా కూర్చోండి. మనం అడ్డుపడి ఒకసారి వెనక్కి పోయిన గుంపు ఆ రోజు నీళ్లు లేకుండా పోవచ్చు.

జీపు దిగి కొంచెం దగ్గరికి వెళ్లి ఫొటో తీసుకోకూడదా?

కూడదు. పశువులకూ బండ్లకూ అలవాటుపడిన పక్షి కూడా రెండు కాళ్ల మనిషి నడిచి వస్తే బెదురుతుంది. బట్టమేక విషయంలో ఇది ఇంకా తీవ్రం. అది మామూలుగా ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ వట్టి నేల మీద. తల్లి లేచిపోతే ఆ గుడ్డుకు ఎండ, కాకి, కుక్క, నక్క అన్నీ శత్రువులే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ పక్షి అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది, దాన్ని వేధించడం నేరం. ఒకసారి మా బండిలోని ఒక మిత్రుడు గైడుకు వేరుగా డబ్బు ఇస్తానని చెప్పి ఇంకో వంద మీటర్లు పోనిమ్మన్నాడు. గైడు ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి ప్రతి ఏటా ఆయననే పిలుస్తున్నాం.

ఫోనులో పక్షి కూత వినిపిస్తే అది బయటికి వస్తుందట కదా?

వస్తుంది, తన చోటులోకి శత్రువు వచ్చాడనుకుని వస్తుంది. చలికాలంలో, తిండి తక్కువగా ఉన్న నేలలో, దాని శక్తిని మన సరదా కోసం ఖర్చు చేయించడం అన్యాయం. మా బృందంలో ఇది పూర్తిగా నిషేధం.

## ఎండ ఎక్కిన తరవాత

పదకొండు తరవాత ఏమీ కనిపించడం లేదు. గదికి వెళ్లి పడుకోవాలా?

నేల మీద పక్షులు తగ్గుతాయి. ఎండమావులు లేస్తాయి కాబట్టి దూరపు ఫొటోలు కూడా వణికినట్టు వస్తాయి. అప్పుడు తల పైకెత్తండి. నేల వేడెక్కి గాలి పైకి లేచే ఆ సమయమే రాబందులకూ డేగలకూ అనువైనది. చలికాలంలో హిమాలయాలకు ఆవలి నుంచి వచ్చే పెద్ద రాబందులు, మన ఎర్రతల రాబందు, తెల్ల రాబందు అన్నీ ఒకే ఆకాశంలో కనిపించవచ్చు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాడిన పశువుల కళేబరాలు తిని మన రాబందులు లక్షల్లో చనిపోయాయి. ఆ మందును పశువులకు వాడడం 2006లో నిషేధించారు. అందుకే ఒక్క చోట పది రాబందులు కనిపిస్తే నేను లెక్క రాసుకుంటాను.

కాస్త విశ్రాంతి కావాలంటే జైసల్మేర్‌కు 17 కిలోమీటర్ల దూరంలో బాడ్‌మేర్ రోడ్డు మీద ఆకల్ శిలాజ ఉద్యానం ఉంది. జురాసిక్ కాలపు చెట్ల మొద్దులు రాళ్లుగా మారి పడి ఉంటాయి. ఒకప్పుడు ఇక్కడ అడవి ఉండేదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఆ రాళ్ల మధ్య ఎడారి లార్క్ తిరుగుతుంటుంది.

డేగలన్నీ ఒకేలా ఉన్నాయి. టానీ డేగనూ స్టెప్ డేగనూ ఎలా విడదీయాలి?

నోటి మూలను చూడండి. స్టెప్ డేగకు పసుపు పచ్చని నోటి గీత కంటి వెనక అంచు దాకా సాగుతుంది, నవ్వుతున్నట్టు ఉంటుంది. టానీ డేగకు కంటి మధ్య కిందనే ఆగిపోతుంది. స్టెప్ డేగ చలికాలపు అతిథి, టానీ డేగ అక్కడిదే. టెలిస్కోప్ ఉంటే ఈ తేడా తేలిగ్గా కనిపిస్తుంది.

మేం శాకాహారులం, అక్కడ తినడానికి ఏం దొరుకుతుంది?

బాగా దొరుకుతుంది. సజ్జ రొట్టె, మజ్జిగ పులుసును పోలిన కఢీ, కేర్ సాంగ్రీ కూర. ఈ సాంగ్రీ ఏమిటో తెలుసుకుంటే మీకు ఇంకా రుచిస్తుంది. అవి మన జమ్మి చెట్టు కాయలు. మనం దసరాకు పూజించే చెట్టే అక్కడ ఖేజ్‌డీ. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం అదే. దాని కాయ కూర, ఆకు మేత, నీడ పంటకు రక్ష. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడలీ గ్రామంలో ఆ చెట్లను నరకనివ్వకుండా కౌగిలించుకుని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలు ఇచ్చారు. మొదటిసారి ఆ కూర తిన్న రోజు మా అమ్మకు ఫోను చేసి చెప్పాను.

## సాయంత్రం, మరుసటి రోజు

సాయంత్రం సమ్ దిబ్బలకు వెళ్లాలా?

పక్షుల కోసం అయితే వద్దు. అక్కడ జీపుల చప్పుడు, పాటల హోరు ఎక్కువ. జైసల్మేర్‌లో గడీసర్ చెరువు గట్టున కూర్చోండి, నీటి పక్షులు చూస్తూ రోజును ముగించవచ్చు. దిబ్బలు చూడాలన్న కోరిక పిల్లలకు ఉంటే మాత్రం కాదనకండి.

ఖీచన్ కొంగలను కూడా అదే ప్రయాణంలో చూడవచ్చా?

చూడవచ్చు, తిరుగు ప్రయాణంలో కలుపుకోండి. ఖీచన్ ఊరు ఫలోదీ పట్టణం పక్కనే ఉంది, జైసల్మేర్ నుంచి మూడు గంటల ప్రయాణం, జోధ్‌పూర్ వెళ్లే దారి నుంచి పెద్దగా పక్కకు వెళ్లనక్కరలేదు. మంగోలియా, మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి వచ్చే చిన్న క్రౌంచ పక్షులు అక్కడ చలికాలం గడుపుతాయి. స్థానికులు వాటిని కురజా అంటారు. సెప్టెంబరులో వచ్చి మార్చిలో వెళ్లిపోతాయి. ఊరివారు వాటి కోసం కంచె కట్టి రోజూ ఉదయం ధాన్యం పోస్తారు. వేల పక్షులు వరసలు వరసలుగా దిగుతుంటే ఆ అరుపుల్లో పక్కవారి మాట వినపడదు. 2025లో ఖీచన్‌కు రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. ధాన్యం తినే సమయం చూడాలంటే ఉదయమే అక్కడ ఉండాలి, కాబట్టి ముందురోజు రాత్రి ఫలోదీలో బస చేయండి.

కరెంటు తీగల వల్ల బట్టమేకలు చనిపోతున్నాయని విన్నాం. నిజమేనా?

నిజం. దాని కళ్లు తలకు పక్కల ఉంటాయి. చుట్టూ బాగా చూస్తుంది కానీ సరిగ్గా ఎదుట ఉన్నది సరిగా కనిపించదు. బరువైన ఒళ్లు, తీగ దగ్గరికి వచ్చాక పక్కకు తిరగలేదు. గాలి మరలు, సౌర విద్యుత్ కేంద్రాలు పెరిగిన కొద్దీ థార్ ఆకాశం తీగలతో నిండింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతంలో తీగలను భూమిలో వేయాలని ఆదేశించింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల సంఘాన్ని నియమించింది. కొన్ని చోట్ల తీగలకు మెరిసే బిళ్లలు వేలాడదీశారు, మీ దారిలో అవి కనిపిస్తాయి.

ఇంకోవైపు మంచి వార్త కూడా ఉంది. సమ్‌లో 2019లో మొదలైన సంతానోత్పత్తి కేంద్రంలోనూ, రామ్‌దేవ్‌రాలోని కేంద్రంలోనూ పెరుగుతున్న పక్షుల సంఖ్య 50 దాటింది. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ ద్వారా మొదటి పిల్ల పుట్టింది. అవి సందర్శకులు తిరిగే చోట్లు కావు, చూపించమని గైడును ఒత్తిడి చేయకండి.

## తిరిగి వచ్చాక

ఎక్కడ చూశామో ఫొటోతో పాటు పెట్టవచ్చా?

జిల్లా పేరు వరకు చాలు. ఫొటోలో ఫోను నమోదు చేసే స్థలం వివరాన్ని తీసేసి పంచుకోండి. గూడు, గుడ్డు, పిల్ల ఫొటోలు ఎవరికీ పంపకండి. చూసిన పక్షుల వివరాలు చేర్చే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో జాబితా నమోదు చేయండి, అది శాస్త్రవేత్తలకు పనికివస్తుంది. ముప్పులో ఉన్న సున్నితమైన జాతుల స్థలాలను దాచే పద్ధతి అందులో ఉంది. మామూలు పిచ్చుకలు, కాకులు, పావురాలను కూడా లెక్కతో రాయండి.

ఈ పక్షులకు తెలుగు పేర్లు ఏమిటి? పిల్లలకు ఏమని చెప్పాలి?

మన నేలలో కూడా తిరిగేవాటికి మంచి పేర్లు ఉన్నాయి: బట్టమేక, పాలపిట్ట, తీతువు, కౌజు, భరతపక్షి, పిల్లి గద్ద, రాబందు. ఎడారికే పరిమితమైన వాటికి మన పెద్దలు పేరు పెట్టే అవసరం రాలేదు. అలాంటప్పుడు ఉన్న పేరునే పలకండి, దాని నడకనో రంగునో తెలుగులో వర్ణించి చెప్పండి, పిల్లలే పేరు పెడతారు. పోయిన ఏడాది మాతో వచ్చిన ఎనిమిదేళ్ల అమ్మాయి క్రీమ్ రంగు కోర్సర్‌ను కాసేపు చూసి ‘ఆగి ఆగి పరుగెత్తే పిట్ట’ అంది. కలివికోడికి చుట్టమని చెప్పాక ‘ఎడారి కలివికోడి’ అని మార్చింది. మా జాబితాలో ఇప్పుడు ఆ పేరే రాస్తున్నాం.